‘మూర్ఛ’ అనడానికి ముందు
(బెంగళూరులో వార్డు ఆరోగ్య సభలో, తెలుగువారి కోసం చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యురాలిని కాను. నగరపాలక కార్యాలయంలో అనువాదకురాలిని. ఆస్తిపన్ను తాఖీదులు, నీటి సరఫరా ప్రకటనలు, దోమల నివారణ కరపత్రాలు కన్నడం నుంచి తెలుగులోకి తేవడం నా వృత్తి. గుండె జబ్బును గురించి మాట్లాడమని నన్ను పిలవడానికి కారణం నా చదువు కాదు, మా ఇంటి అనుభవం. మావారు పదకొండు నెలల వ్యవధిలో నాలుగుసార్లు స్పృహ తప్పి పడిపోయారు. ఆయన వయస్సు అప్పటికి ముప్పై తొమ్మిది. మధుమేహం లేదు, రక్తపోటు లేదు, పొగ తాగే అలవాటు లేదు. ఎందుకు పడుతున్నారో తెలియడానికి ఆ పదకొండు నెలలూ పట్టాయి. ఆ అన్వేషణలో యంత్రాలు చేసిన పని గొప్పదే. కానీ ఏ యంత్రం కావాలో నిర్ణయించినవి మాత్రం మాటలు. అందువల్ల మాటలతో బతికే మనిషిగా నాలుగు సంగతులు మనవి చేస్తాను.

తెలుగులో ‘మూర్ఛ’ అన్న పదానికి రెండు అర్థాలున్నాయి. పురాణ కథలో లక్ష్మణుడు మూర్ఛపోతాడు. ప్రబంధ నాయిక విరహంతో మూర్ఛిల్లుతుంది. అక్కడ అర్థం స్పృహ తప్పడం మాత్రమే. అదే వీధిలోకి వచ్చి ‘ఆయనకు మూర్ఛ ఉంది’ అంటే అర్థం అపస్మారం, అనగా ఫిట్సు. కన్నడంలోనూ ఇదే చిక్కు: ‘మూర్ఛె హోదరు’ అంటే సొమ్మసిల్లారని, ‘మూర్ఛె రోగ’ అంటే ఫిట్సు జబ్బని. తమిళ సోదరులకు ఈ ఇబ్బంది కొంత తక్కువ. వారికి ఫిట్సుకు ‘వలిప్పు’ అన్న వేరు మాట ఉంది. అయితే ‘మయక్కం’ అన్న ఒక్క మాటలోనే తల తిరగడం, సొమ్మసిల్లడం, మత్తు మూడూ ఇమిడిపోతాయి. ఇంట తెలుగు, వీధిలో కన్నడం, అంగడిలో తమిళం మాట్లాడుకొనే మన నగరంలో, పడిపోయిన మనిషిని ఆసుపత్రికి మోసుకుపోయిన వారు మొదట పలికే మాట ఏదవుతుందో దానిని బట్టి రోగి దారి మారిపోతుంది. ఒక దారి మెదడు వైద్యుని వద్దకు, ఒక దారి గుండె వైద్యుని వద్దకు. ఈ ఊళ్ళో నిమ్హాన్స్, జయదేవ ఆసుపత్రులు రెండూ కొద్ది కిలోమీటర్ల ఎడంలోనే ఉన్నాయి. ఆ కొద్ది కిలోమీటర్లు దాటడానికి కొందరికి ఏళ్ళు పడుతుంది.

మావారు మొదటిసారి పడింది ఆయన పనిచేసే చోట, లిఫ్టు కోసం నిలుచున్నప్పుడు. తోటివారు దగ్గరలోని ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ‘మూర్ఛ వచ్చింది సార్, చేతులు కొట్టుకున్నాడు’ అని చెప్పారు. వారు చూసింది చూసినట్టే చెప్పారు. వైద్యుడు విన్నది విన్నట్టే రాసుకున్నాడు. తలకు స్కాన్ తీశారు, మెదడు తరంగాల పరీక్ష చేశారు. రెండూ సవ్యంగానే ఉన్నాయి. అయినా ముందుజాగ్రత్తగా ఫిట్సు మాత్రలు మొదలుపెట్టారు. ఆ మాత్రలు వేసుకుంటూ ఉండగానే మూడవ నెలలో రెండవసారి పడ్డారు. మోతాదు పెంచారు.

ఇక్కడ ఒక శరీరధర్మం తెలిసి ఉండాలి. మెదడుకు రక్తం అందడం ఆరు నుంచి ఎనిమిది సెకన్లపాటు ఆగిపోతే చాలు, మనిషికి స్పృహ తప్పుతుంది. ఆ లోటు ఇంకొన్ని సెకన్లు కొనసాగితే చేతులూ కాళ్ళూ ఎగిరిపడతాయి. చూసేవారికి అది అచ్చంగా ఫిట్సులాగే కనిపిస్తుంది. అంటే, అవయవాలు కొట్టుకున్నంత మాత్రాన జబ్బు మెదడులో ఉన్నదని తేలదు. గుండె కాసేపు ఆగినా అలాగే కొట్టుకుంటాయి. రెండింటినీ వేరుచేసేవి పడడానికి ముందు, పడేటప్పుడు, లేచిన తరువాత కనిపించే చిన్న చిన్న గుర్తులు. అవి రోగికి తెలియవు, ఆయన ఆ సమయంలో లోకంలో లేడు కనుక. పక్కనున్నవారికే తెలుస్తాయి. పెళ్ళయినవారి విషయంలో ఆ పక్కనున్నవారు చాలా సందర్భాలలో భార్యో భర్తో అవుతారు.

తెలుగుకు ఈ గుర్తులు చెప్పే శక్తి అపారంగా ఉంది. ఈ మాట భాషాభిమానంతో అనడం లేదు. మనం వైద్యుని ముందు ఆ మాటలన్నీ విడిచిపెట్టి, జబ్బు పేరు ఒక్కటి పట్టుకుంటాం. చూడండి: ‘కళ్ళు బైర్లు కమ్మాయి’ అంటే చూపు చీకటి పడి సొమ్మసిల్లబోవడం. ‘తల తిరిగింది’ అంటే చుట్టూ ఉన్న గది గిర్రున తిరిగినట్టుండడం. అది చాలాసార్లు లోచెవికి సంబంధించినది. ఈ రెండింటినీ ‘కళ్ళు తిరిగాయి’ అన్న ఒక్క మాటతో కలిపేస్తే వైద్యునికి ఏమీ చెప్పినట్టు కాదు. ‘కుప్పకూలాడు’ అంటే ఒళ్ళు వదులై బట్టల మూటలా జారిపోవడం. ‘కొయ్యబారాడు’ అంటే ఒళ్ళు బిగిసి నిలువునా పడడం. మొదటిది ఎక్కువగా సొమ్మసిల్లడంలోనూ, రెండవది ఎక్కువగా ఫిట్సులోనూ చూస్తాం. ‘మొహం పాలిపోయింది’ వేరు, ‘నీలబడింది’ వేరు. ‘పళ్ళు గిట్టకరిచాడు’, ‘నాలుక పక్కన తెగింది’ అన్నవి ఫిట్సు వైపు మొగ్గుచూపే గుర్తులు. లేచిన తరువాత అర నిమిషంలోనే పేరు, ఊరు చెప్పి ‘నాకేమయింది’ అని అడిగితే ఒక అర్థం. పావుగంటసేపు ఎవరినీ గుర్తుపట్టక, ఒళ్ళు నొప్పులతో మగతగా ఉంటే మరొక అర్థం. బట్టలు తడవడం మాత్రం రెండింటిలోనూ జరగవచ్చు కనుక దానిని బట్టి తీర్పు చెప్పకూడదు. ఇన్ని మాటలు ఉండగా మనం ‘ఫిట్సొచ్చింది డాక్టర్’ అని ఊరుకుంటాం.

ఇంకొక చిన్న హెచ్చరిక. మన జిల్లాల్లో ‘తెలివి తప్పింది’ అనడం వాడుక. ఇతర భాషలవారి ముందు దీనిని పదానికి పదం మార్చి చెబితే, సొమ్మసిల్లిన మనిషి కాస్తా మతి చలించినవాడు అయిపోతాడు. కన్నడంలో ‘ఎచ్చర తప్పితు’ అనండి, చాలు.

మావారు మూడవసారి పడినప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను. రాత్రి భోజనానికి పీట మీద కూర్చొని ఉన్నారు. మజ్జిగ గ్లాసు అందుకోబోతూ మాట మధ్యలో ఆపి పక్కకు ఒరిగిపోయారు. చెమట పట్టలేదు, కడుపులో తిప్పలేదు, ముందుగా ఏ సూచనా లేదు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. రెండు మూడుసార్లు చేతులు ఎగిరిపడ్డాయి. పదిహేను ఇరవై సెకన్లలో కళ్ళు తెరిచి, మజ్జిగ ఎందుకు ఒలికిందని అడిగారు. నేను గోడగడియారం చూస్తూ మణికట్టు దగ్గర నాడిని నిమిషం పాటు లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. ఆ రాత్రే ఇవన్నీ తేదీతో, వేళతో సహా ఒక కాగితం మీద రాసి ఉంచాను. వారం తరువాత మేము కలిసిన గుండె వైద్యురాలు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ‘కూర్చొని ఉండగా’ అన్న చోట గీత గీశారు. ‘సూచన లేకుండా’ అన్న చోట ఇంకొక గీత.

ఎందుకంటే, సొమ్మసిల్లేవారిలో ఎక్కువమందికి కారణం అపాయకరమైనది కాదు. ఎండలో, క్యూలో, పెళ్ళి పందిట్లో ఎక్కువసేపు నిలబడినప్పుడు, రక్తం చూసినప్పుడు, సూది గుచ్చినప్పుడు, కడుపులో తిప్పి, చెమటలు పట్టి, కళ్ళు చీకట్లు కమ్మి పడిపోతారు. ఆ కాసేపు నాడి కూడా నెమ్మదిస్తుంది. అది నరాల ప్రతిస్పందన. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెడితే తేరుకుంటారు. పడక మీద నుంచి చటుక్కున లేచినప్పుడు రక్తపోటు జారి పడిపోయేవారు మరికొందరు. వారికి పడుకున్నప్పుడూ, లేచి నిలబడిన మూడు నిమిషాలలోపూ రక్తపోటు చూస్తే సంగతి తెలుస్తుంది. కానీ కూర్చొని ఉండగా, పడుకొని ఉండగా, మెట్లెక్కుతూ, పరుగెత్తుతూ, ఏ సూచనా లేకుండా పడిపోవడం వేరు. పడేముందు గుండె దడదడలాడడం వేరు. ఇంటిలో ఎవరైనా చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయి ఉండడం వేరు. ఇవి ఉన్నచోట ‘గ్యాసు’, ‘నీరసం’, ‘దిష్టి’ అని సర్దిచెప్పుకోవడానికి వీల్లేదు. మా బంధువులలో ఈ మూడు కారణాలూ చెప్పినవారు ఉన్నారు. ఒక పెద్దావిడ దిష్టి తీయించారు కూడా. దానివల్ల నష్టమేమీ జరగలేదు, ఎండుమిరపకాయల ఖర్చు తప్ప.

నాడి నెమ్మదించడాన్ని గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. గుండె వేగానికి దడ, గుభేలు అంటూ ఎన్నో మాటలున్నాయి. మందగించిన గుండెకు మాత్రం ఇంటి వాడుకలో ఒక తేలిక మాట లేదు. పైగా ‘నిదానమే ప్రధానం’ అన్న సామెత ఒకటి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారి గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవడం సాధారణం. 60 కంటే తగ్గితే నెమ్మదించిందంటారు. అంతమాత్రాన జబ్బని కాదు. క్రీడాకారులకూ, గాఢనిద్రలో ఉన్నవారికీ 40లలోకి దిగడం మామూలే. నెమ్మదించిన నాడితో పాటు సొమ్మసిల్లడం, ఆయాసం, విపరీతమైన అలసట ఉంటేనే కారణం వెతకాలి. గుండెకు కుడివైపు పై గదిలో ఒక చిన్న కణజాలపు ముద్ద విద్యుత్ సంకేతం పుట్టిస్తుంది. అది పై గదుల మీదుగా మధ్యలోని ఒక కూడలికి చేరి, అక్కడి నుంచి కింది గదులకు పాకుతుంది. పుట్టేచోట ఆలస్యమైనా, దారిలో తెగినా, గుండె నెమ్మదిస్తుంది లేదా కాసేపు ఆగుతుంది.

ఆ వైద్యురాలు మొదట అడిగినది మందుల సంచి. చీటీలు కాదు, సంచి. అందులో ఫిట్సు మాత్రలతో పాటు, రెండేళ్ళుగా పార్శ్వపు తలనొప్పికి వేసుకుంటున్న ప్రొప్రనలాల్ ఉంది. అది గుండె వేగాన్ని తగ్గించే మందు. రక్తపోటుకు వాడే అటెనలాల్, మెటప్రలాల్, డిల్టియజెమ్, వెరపమిల్, గుండె బలహీనతకు వాడే డిజాక్సిన్ కూడా ఇదే పని చేయగలవు. ఫిట్సుకు ఇచ్చే కార్బమజెపైన్ వంటివి సైతం కొందరిలో ఆ విద్యుత్ దారిని మందగింపజేస్తాయి. మన పెద్దవారు ఎవరూ మందుగా లెక్కపెట్టని వస్తువు ఒకటుంది: కంటి నీటికాసులకు వేసుకొనే టిమలాల్ చుక్కలు. కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి, రక్తంలో కలిసి, గుండెను నెమ్మదింపజేయగలదు. పొలాల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందులు ఒంట్లోకి పోయినా నాడి పడిపోతుంది. సెలవుల్లో ఊరికి వెళ్ళి మందు కొట్టివచ్చేవారు ఈ సంగతి వైద్యునికి చెప్పాలి. థైరాయిడ్ మందగించడం, రక్తంలో పొటాషియం పెరగడం, నిద్రలో ఊపిరి ఆగుతుండడం కూడా చూడవలసిన కారణాలే. ఒక్క మాట: ఇది విని ఎవరూ తమ మాత్రలను తామే ఆపవద్దు. ప్రొప్రనలాల్ వంటివి ఒక్కసారిగా మానితే ప్రమాదం. మావారికి కూడా వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించారు. విశ్రాంతిలో 52 ఉన్న నాడి 64కు వచ్చింది. జవాబు దొరికిందనుకున్నాం.

వైద్యురాలు మాత్రం అనుకోలేదు. మామూలు ఈసీజీ కాగితం మీద ఉండేది దాదాపు పది సెకన్ల గుండె చరిత్ర. రోజుకు 86,400 సెకన్లు. పది సెకన్లు బాగున్నంత మాత్రాన మిగిలినవి బాగున్నాయని చెప్పలేం. మావారి ఈసీజీ మూడుసార్లు తీస్తే మూడుసార్లూ సవ్యంగానే ఉంది. ‘అంతా నార్మల్’ అన్న మాట ఇంత భయపెట్టగలదని నాకు అంతకుముందు తెలియదు. ఒక రోజంతా ఒంటికి కట్టే హోల్టర్ యంత్రంలో నిద్రలో 42కు తగ్గడం తప్ప ఏమీ కనిపించలేదు. ఆ యంత్రానికి ఆ పేరు అమెరికా శాస్త్రవేత్త నార్మన్ హోల్టర్ వల్ల వచ్చింది. ఆయన మొదట తయారుచేసిన పరికరాన్ని వీపున మోయాలి, బరువు దాదాపు 38 కిలోలు. నెలకోసారీ రెణ్ణెల్లకోసారీ వచ్చే దొంగను ఒక రాత్రి కాపలాతో పట్టుకోలేం. అందుకని ఛాతీ చర్మం కింద అగ్గిపుల్లంత పొడవు, అంతకంటే కాస్త లావు ఉండే లూప్ రికార్డర్ అన్న చిన్న పరికరాన్ని అమర్చారు. అది మూడేళ్ళ వరకు గుండె లయను కనిపెట్టి ఉండగలదు.

ఇటువంటి వెతుకులాటలో భార్య పట్టుదలకు వైద్యచరిత్రలో ఒక సాక్ష్యం ఉంది. నెమ్మదించిన నాడికీ స్పృహ తప్పడానికీ ఉన్న సంబంధాన్ని డబ్లిన్ నగర వైద్యులు రాబర్ట్ ఆడమ్స్ 1827లో, విలియం స్టోక్స్ 1846లో వివరించారు. దానికి మందు లేక వంద సంవత్సరాలు గడిచాయి. 1958లో స్వీడన్ దేశంలో ఆర్నే లార్సన్ అనే నలభై మూడేళ్ళ ఇంజనీరు రోజుకు ఎన్నోసార్లు స్పృహ తప్పుతూ ఆసుపత్రిలో ఉండేవాడు. ఆయన భార్య ఎల్సె-మరీ, శస్త్రవైద్యుడు ఓకె సెన్నింగ్‌నూ ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్‌నూ వదలకుండా వెంటబడింది. మనిషి ఒంట్లో పూర్తిగా పెట్టదగిన పేస్‌మేకర్ ఇంకా సిద్ధం కాలేదని వారన్నా ఆమె వినలేదు. చివరికి బూటు పాలిష్ డబ్బాను అచ్చుగా వాడి పోతపోసిన పరికరాన్ని ఆ ఏడాది అక్టోబరు 8న ఆయన ఒంట్లో పెట్టారు. అది కొన్ని గంటలే పనిచేసింది. ఆ తరువాత జీవితకాలంలో ఇరవైకి పైగా పరికరాలు మార్చుకుంటూ ఆయన 2001 దాకా, ఎనభై ఆరేళ్ళు బతికాడు. తనకు ప్రాణం పోసిన ఆ ఇద్దరికంటే ఎక్కువకాలం ఉన్నాడు.

లూప్ రికార్డర్ పెట్టిన ఏడవ వారంలో మావారు నాలుగవసారి పడ్డారు, స్నానాల గది గడప దగ్గర. కనుబొమ్మ చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి. ఆ సాయంత్రమే పరికరంలోని లిఖితాన్ని చూశారు. పై గదుల సంకేతం క్రమం తప్పకుండా వస్తూనే ఉంది. కింది గదులు ఎనిమిది సెకన్లు స్పందించలేదు. ఎనిమిది సెకన్ల సరళరేఖ. నాలుగు రోజుల తరువాత పేస్‌మేకర్ అమర్చారు. ఫిట్సు మాత్రలు మెదడు వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా మాన్పించారు. ఆయన మళ్ళీ పడలేదు.

‘ఏమిటి’ అన్న ప్రశ్నకు జవాబు వచ్చింది. ‘ఎందుకు’ అన్నదానికి రాలేదు. ముప్పై తొమ్మిదేళ్ళకే ఆ దారి ఎందుకు తెగింది? ఈ వయసువారిలో సార్కాయిడోసిస్ అనే వాపు జబ్బు గుండె కండరంలో చేరిందేమోనని వైద్యులు తప్పక చూస్తారు. మావారికి ఎమ్మారై తీశారు. ఆ ఆనవాళ్ళు లేవు. క్షయ లేదు. కుటుంబంలో ఎవరికీ ఇటువంటిది లేదు. ‘కొన్నిసార్లు కారణం దొరకదు, ఏడాదికొకసారి చూస్తూ ఉందాం’ అన్నారు వైద్యురాలు. ఆ మాటతో బతకడం ఎలాగో మేమిద్దరం ఇంకా నేర్చుకుంటున్నాం. రాత్రి మెలకువ వచ్చినప్పుడు ఆయన మణికట్టు మీదకు నా చేయి ఇప్పటికీ పోతూనే ఉంటుంది. యంత్రం ఉందమ్మా, పడుకో, అంటారాయన.

పనికి వచ్చే సంగతులు కొన్ని త్వరగా చెబుతాను. మనిషి పడిపోయినప్పుడు లేపి కూర్చోబెట్టకండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు, సోడా పోయకండి. తాళంచెవులు, ఇనుము చేతిలో పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. నోట్లో చెంచా దూర్చడం హాని. ఊపిరి ఆడకపోతే, పిలిచినా కదలకపోతే, ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోను చేయించండి. కారణం తేలేదాకా ద్విచక్ర వాహనం నడపకూడదు. స్నానాల గదికి లోపల గడియ పెట్టకూడదు. కట్టడాల పనిలో ఉన్న మన అన్నదమ్ములు పరంజా ఎక్కకూడదు. కూలి పోతుందని దాచిపెట్టి ఎక్కేవారున్నారని తెలిసే ఈ మాట అంటున్నాను. అటువంటివారిని మేస్త్రీలు కింద పని ఇచ్చి నిలుపుకోవాలి.

బీపీఎల్ కార్డు ఉన్న కుటుంబానికి ఆయుష్మాన్ భారత్–ఆరోగ్య కర్ణాటక పథకం కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తుంది. అత్యవసరం కానప్పుడు ప్రభుత్వ ఆసుపత్రి నుంచి రెఫరల్ చీటీ తీసుకోవాలి. కార్డు సొంత రాష్ట్రానిదైతే ఏ మేరకు చెల్లుతుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరిన రోజే అడగండి, బిల్లు వచ్చిన రోజున కాదు.

ఈ పుస్తకం తెలుగు విభాగం చివరి పుటలో కన్నడ వాక్యాలు కొన్ని తెలుగు లిపిలో ఇచ్చాం. ‘నింతిద్దాగ ఎచ్చర తప్పి బిద్దరు’: నిలబడి ఉండగా స్పృహ తప్పి పడ్డారు. ‘కూతిద్దాగ బిద్దరు’: కూర్చొని ఉండగా పడ్డారు. ‘ముఖ బిళిచికొండిత్తు’: మొహం పాలిపోయింది. ‘ఒందు నిమిషదొళగె ఎచ్చర బంతు’: నిమిషంలోపే స్పృహ వచ్చింది. ‘ఎద్ద మేలె మాతు సరియాగిత్తు’: లేచాక మాట సరిగానే ఉంది. ‘నాడి తుంబా నిధానవాగిత్తు’: నాడి చాలా నెమ్మదిగా ఉంది. ఈ ఆఖరి వాక్యానికి ముందు మీరు లెక్కపెట్టిన అంకె చెప్పండి. ఆ పుటను కత్తిరించి పర్సులో పెట్టుకోవచ్చు. వెనుకవైపు వేసుకొనే మందుల పేర్లకు గళ్ళు విడిచిపెట్టాం. కంటిచుక్కల పేరు కూడా అందులోనే రాయండి.